పండుగ విందు – మితభోజనము: రాష్ట్రేతరాంధ్రుల సంప్రదాయమును గూర్చి ఒక పరిశీలన

రాష్ట్రేతరాంధ్రుల ఇండ్లలో తెలుగుదనము ఎంతవరకు నిలిచియున్నదని పరిశీలించువారికి ఒక విషయము స్పష్టముగా కనబడును. బడిలో తెలుగు పోయిన ఊళ్ళు కలవు. ఉత్తరప్రత్యుత్తరములు అన్యభాషలో జరుపుకొను కుటుంబములు కలవు. ఇంటి మాటలో సగము కన్నడమో, తమిళమో, ఒరియాయో, మరాఠీయో కలిసిన తావులు కలవు. అయినను ఉగాదినాటి వేపపువ్వు పచ్చడిని, వినాయక చవితినాటి ఉండ్రాళ్ళను, సంక్రాంతినాటి అరిసెలను విడిచిన తెలుగు కుటుంబము అరుదు. లిపి మరచిన మనుమడు సయితము అరిసె పేరు మరువడు. తెలుగుదనమునకు చివరి కోట వంటయిల్లే యని చెప్పినను తప్పుగాదు.

ఈ కారణము చేతనే పండుగనాడు కొంచెము తగ్గించి తినుడని చెప్పుట మనలో కష్టమైన పని అయినది. వైద్యుడు వద్దన్న వస్తువును తల్లి ప్రేమతో వడ్డించును. వద్దన్నచో ఆమె నొచ్చుకొనును. అరిసెను కాదన్నవాడు ఆచారమునే కాదన్నట్లు పెద్దలు చూతురు. ఇటు ఆరోగ్యము, అటు అభిమానము. ఈ రెంటి నడుమ ప్రతి పండుగకును అనేక కుటుంబములు నలిగిపోవుచున్నవి.

మన సంప్రదాయము నిజముగా అమితముగా తినుమని చెప్పినదా? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. విందును, విందునకు మేరను మన పూర్వులు జంటగానే ఏర్పరచిరి. కాలక్రమమున విందు మనతో వచ్చినది, మేర వెనుకబడినది. ఈ సంగతి నిరూపించుటకు తగిన ఆధారములు కలవు.

శ్రీవిల్లిపుత్తూరి వడ్డన

మొదటి ఆధారము మనకు మిక్కిలి ప్రియమైన కావ్యమునందే యున్నది. 1509 నుండి 1529 వరకు విజయనగరమును పాలించిన శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదకు కథారంగము శ్రీవిల్లిపుత్తూరు. నేటి కర్ణాటకమునందలి హంపి రాజధానిగా ఏలిన ప్రభువు, కృష్ణాతీరమున శ్రీకాకుళమునందలి ఆంధ్రవిష్ణువు స్వప్నమున ఆనతిచ్చెనని చెప్పి, తమిళదేశపు ఊరిలోని ఒక గృహస్థుని ఇంటిని తెలుగున వర్ణించెను. రాష్ట్రేతరాంధ్రులకు ఇంతకంటె దగ్గరి కావ్యము వేరొకటి లేదు.

ఆ గృహస్థుడు విష్ణుచిత్తుడు. వేళ అనక వచ్చు భాగవతులకు అన్నము పెట్టుట అతని వ్రతము. రాయలు ఆ వడ్డనను ఋతువు ననుసరించి మూడు విధములుగా చెప్పెను. ముసురుపట్టిన వానకాలమున, కట్టెల పొగ కంట సోకకుండ కొబ్బరి చిప్పలు మంటకు పెట్టి ఇల్లాలు వండును. వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, ఎండకాలమున ఎండబెట్టి దాచిన వడియములు, వరుగులు, నేయి, పెరుగు, ఇవి అప్పటి వడ్డన. వేసవిలో గోరువెచ్చని అన్నము, తీయని చారు, పలుచని అంబలి, చెరకు రసము, లేతకొబ్బరి నీరు, మజ్జిగ. చలికాలమున కొత్తబియ్యపు అన్నము, మిరియపు పొడి తగిలించిన కూరలు, ఆవ ఘాటుగల పచ్చళ్ళు, పాయసము, వేడి నేయి, మరగి చిక్కబడిన పాలు.

ఈ వర్ణనలో మనము గమనింపవలసిన విషయములు రెండు. మొదటిది, అతిథికి గొప్ప మర్యాద చేయుచున్నను ఆ ఇంటివారు మూడు కాలముల వంటలను ఒక్క విస్తరిలో కుప్పపోయలేదు. వేసవిలో చల్లనివి, పలుచనివి. చలిలో బరువైనవి, కారము గలవి. మర్యాద అనగా వస్తువుల సంఖ్య కాదు, కాలమునకు తగిన వస్తువు. రెండవది, అక్కడి కారము మిరియములది. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి మూలమున వచ్చిన మిరపకాయ మన వంటలో స్థిరపడుట ఆ తరువాతి మాట. కనుక నేడు ప్రాచీనమని మనము తలచు రుచులలో కొన్ని మిక్కిలి ప్రాచీనములు కావు. సంప్రదాయము మార్పునకు లోబడియే వచ్చుచున్నది. మంచికై మరికొంత మార్చుకొన్నంత మాత్రమున అది చెడిపోదు.

వైద్యులు గీసిన గీత

విందు వంటలు బరువైనవని పూర్వులకు తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఐదవ అధ్యాయము ఆహారపు పరిమాణమును చర్చించును. పిండితో చేసినవి, చెరకునుండి వచ్చినవి, పాలనుండి వచ్చినవి, నువ్వులు, మినుములు, ఇవి స్వభావముచేతనే గురువులని, అనగా జీర్ణమగుటకు భారమైనవని అచ్చట చెప్పబడినది. ఈ పట్టికను చదివిన తెలుగువానికి నవ్వు రాక మానదు. బియ్యపు పిండియు, బెల్లమును, నువ్వులును కలిసినచో అరిసె. మినుములు రుబ్బినచో గారె. పాలు, బెల్లము కలిసినచో పరమాన్నము. మన సంక్రాంతి విస్తరి యంతయు ఆ పట్టికలో ఇమిడియున్నది.

వానిని మానుడని చరకుడు చెప్పలేదు. గురుపదార్థములను మూడవ వంతో, సగమో తృప్తి కలుగునంతవరకే తినవలెనని, లఘువైన వానిని సయితము అతిగా తినరాదని నియమము చెప్పెను. భోజనము ముగించినవాడు దానిపై పిండివంటలు, అటుకులు వంటివి తినరాదనియు, ఆకలిగొన్నవాడు సయితము వానిని మితముగనే తినవలెననియు విధించెను. వాగ్భటుడు అష్టాంగహృదయమున కడుపును నాలుగు పాళ్ళుగా భావించి, రెండు పాళ్ళు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు ఇచ్చి, నాలుగవ పాలు వాయువునకై ఖాళీగా విడువుమనెను. నేటి వైద్యుడు పండుగకు ముందు చెప్పు మాట వేరొకటి కాదు. అన్నమంతయు తిని, దానిపై మిఠాయి తినుటయే మన ప్రస్తుత అలవాటు. శాస్త్రము ప్రత్యేకముగా నిషేధించినది సరిగా దానినే.

ఈ విషయములు సంస్కృత పండితులకే పరిమితము కాలేదు. భోజుని పేర నున్న చారుచర్యను అప్పనమంత్రి తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పండ్లు తోముకొనుట మొదలు నిద్రవరకు దినచర్యను చెప్పు ఆ గ్రంథమున భోజన నియమములును చేరియున్నవి. ఎట్లు తినవలెనను విషయము నడవడికలో భాగమని మన భాషలోనే పెద్దలు బోధించిరి.

ఆచారవంతుల ఇండ్లలో భోజనమునకు మొదట ఔపోశనము, చివర ఉత్తరాపోశనము ఉండెడివి. ఉత్తరాపోశనము పట్టిన పిమ్మట ఆ పూటకు భోజనము ముగిసినట్లే. ఎవరు ఎంత బ్రతిమాలినను మరల వడ్డించుట లేదు. భక్తికొరకు ఏర్పడిన ఈ ఆచారము భోజనమునకు తలుపు వంటిది. ఎప్పుడు తెరువవలెనో, ఎప్పుడు మూయవలెనో దానికి తెలియును.

ఉపవాసము విడుచుటలోను మేర యుండెను. పోతన భాగవతము తొమ్మిదవ స్కంధమున అంబరీషుని కథ మనకు సుపరిచితము. ద్వాదశీవ్రతము పూర్తిచేసి పారణకు సిద్ధమైన రాజు, స్నానమునకు పోయిన దుర్వాసుడు రాకముందు తాను భుజింపరాదు. ద్వాదశి గడియలు దాటనీయరాదు. ఆ చిక్కులో ఆయన నీరు మాత్రము పుచ్చుకొని పారణ చేసెను. ఉపవాసమునకు ప్రతిఫలముగా మరునాడు రెండింతలు తినుట నేడు మనలో సాధారణమైనది. అంబరీషుని పారణకు గుక్కెడు నీరు చాలినది.

ఒక పండుగకు ఒక వంట

ఇక పంచాంగమును తెరచి చూతము. మన పండుగలలో ప్రతిదానికి దానిదైన వంట యొకటి కలదు. ఉగాదికి వేపపువ్వు, చింతపండు, బెల్లము, మామిడి ముక్కలు కలిసిన పచ్చడి. శ్రీరామనవమికి పానకము, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు. తొలి ఏకాదశికి పేలాలపిండి. వినాయక చవితికి ఆవిరిపై ఉడికిన కుడుములు, ఉండ్రాళ్ళు. అట్లతద్దికి పగలంతయు ఉపవాసము, చంద్రోదయము పిమ్మట అట్లు. నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి. ధనుర్మాసమున పులగము, దధ్యోదనము. సంక్రాంతికి అరిసెలు, కనుమనాడు గారెలు.

ఈ పట్టికను వంట చేయు విధానముబట్టి విభజించినచో ఆశ్చర్యము కలుగును. నూనెలో వేచినవి తక్కువ. నానబెట్టినవి, ఆవిరిపై ఉడికినవి, పేలాలుగా వేచి దంచినవి, పొయ్యితో పనిలేక కలిపినవి ఎక్కువ. వేడి మొదలగు చైత్రమున పానకము, వడపప్పు. వానలు పడు భాద్రపదమున ఆవిరి కుడుము. చలి ముదిరిన పుష్యమున నువ్వులు, బెల్లము, నూనెలో వేగిన అరిసె. చలికాలమున జఠరాగ్ని బలముగా నుండునని ఆయుర్వేదము చెప్పును. పైగా అది పంట ఇంటికి చేరు కాలము. కోతలు, కుప్పనూర్పిళ్ళు సాగించి అలసిన దేహములకు బలము కావలసిన కాలము. సంవత్సరములో మిక్కిలి బరువైన వంటను మన పూర్వులు మిక్కిలి చల్లని, మిక్కిలి శ్రమించిన దినములకు కేటాయించిరి.

మరియొక విశేషము. విందుల నడుమ వారు ఖాళీలు విడిచిరి. నెలకు రెండు ఏకాదశులు, కార్తికమున నక్తములు, మాఘమున శివరాత్రి. ఒరిస్సాలోని మన కుటుంబములకు ఇరుగుపొరుగువారి హవిష్య నియమము తెలిసినదే. కార్తికమున ఒంటిపూట సాత్వికాహారము తీసుకొనుట, ఆ మాసాంతమున పంచుకమను ఐదు దినములు చేపలు తినువారు సయితము వానిని విడుచుట అచ్చట ఆచారము. మార్గశిరమున ప్రథమాష్టమినాడు వారు పసుపు ఆకులలో చుట్టి ఆవిరిపై ఉడికించు ఎండురి పీఠా మన కుడుమునకు చెల్లెలు వంటిది. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములు 1936 వరకు మద్రాసు రాజధానిలోనివే. సరిహద్దులు మారినను ఆవిరి వంట మారలేదు.

పండుగ కాని దినముల అన్నము

విందు ఎట్టిదో తెలియవలెనన్నచో విందు కాని దినములు ఎట్టివో తెలియవలెను. ఇది మనము తరచుగా మరచు సంగతి.

విజయనగర, నాయకరాజుల కాలమునుండి తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలి స్థిరపడిన తావులలో మెట్టనేలలు అధికము. తమిళనాట కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతపు నల్లరేగడిలో సజ్జలు, జొన్నలు వారి దినవెచ్చము. ఆ నేలకు చెందిన తెలుగు ఇంటి బిడ్డ, తమిళమున ప్రసిద్ధ కథకుడైన కి. రాజనారాయణన్ (1923–2021) వలస వచ్చిన తెలుగువారి పల్లె జీవితమును తన నవలలలో చిత్రించెను. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన నవల వాటిలో ఒకటి. కోలారు సీమలో రాగి ముద్ద, అనపగింజల పులుసు. తెలంగాణమునుండి షోలాపురపు మగ్గములకు, మిల్లులకు వెళ్ళిన పద్మశాలి కుటుంబములకు జొన్న రొట్టె. పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువులు వరి తినువాని బాధను చెప్పునే గాని, ఆ జొన్నకూడు తిని బ్రతికిన లక్షలమంది మాట చెప్పవు.

ఇట్టి సీమలలో తెల్లని వరియన్నమే పండుగనాటి వంట. బెల్లము, నేయి అప్పుడప్పుడు కంటబడు వస్తువులు. కరవులును మరువరానివి. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చిన నందన నామ సంవత్సరపు కరవు, 1876–78లో మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతములను కాల్చిన ధాత నామ సంవత్సరపు కరవు తరతరముల జ్ఞాపకమున నిలిచినవి. అట్టివారు సంవత్సరమున కొన్ని దినములు కడుపునిండ తినుట ఆరోగ్యభంగము కాదు. అది బ్రతుకునకు ఓదార్పు.

ఇచ్చట ఒక నిజమును దాచరాదు. పూర్వుల మితభోజనమున కొంత నియమము, కొంత లేమి. కొందరు వ్రతముచేత పస్తుండిరి. పలువురు గింజలు లేక పస్తుండిరి. తంజావూరి నాయకరాజుల కొలువున అన్నదానము రాజధర్మములలో ముఖ్యమైనదిగా వెలసినదన్నచో, అన్నమునకు ఎదురుచూచువారు అంతమంది యుండిరనియే అర్థము. అట్లే అరిసెలకు బియ్యము నానబెట్టి, దంచి, జల్లించి, పాకము పట్టు శ్రమ యంతయు స్త్రీలదే. అందరు తిన్న పిమ్మట మిగిలినది తినినవారును వారే. ఆ కష్టము సయితము విందునకు ఒక హద్దుగా నుండెను. ఆ లేమిని గాని, ఆ కష్టమును గాని మరల కోరుకొనువారు ఎవ్వరును లేరు, కోరరాదు. అయితే లేమి పోయినప్పుడు దాని స్థానమున వివేకము రావలసియుండెను. ఆ వివేకమే ఆలస్యమైనది.

మార్పు వచ్చిన మార్గము

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. డెల్టాలు వరిపొలములైనవి. గౌతమీతీరమున 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలోనున్న యానాము చుట్టును ఆ పచ్చదనమే. వరియన్నము పండుగనుండి ప్రతిదినమునకు దిగివచ్చినది. మంచిదే. కాని వెంటనే బియ్యపు మరలు వచ్చినవి. రోట దంచిన బియ్యమునకు తవుడు కొంత అంటియుండును; మర దానిని పూర్తిగా తొలగించి బియ్యమును మల్లెపువ్వువలె చేయును.

దాని ఫలితము తెలుగువారి చరిత్రలో ఒక విచారకరమైన ప్రకరణము. ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి వ్యాపించినది. కాళ్ళు తిమ్మిరెక్కుట, నీరు పట్టుట, గుండె బలహీనమగుట దాని లక్షణములు. సర్ రాబర్ట్ మెకారిసన్ 1918లో నీలగిరులలోని కూనూరున ఒక్క గదిలో ఆరంభించిన పరిశోధనశాల మొదట పూనుకొన్నది ఈ బెరిబెరి విచారణకే. తవుడుతో పాటు బి1 విటమిను పోవుటయే కారణమని తేలినది. ఉప్పుడు బియ్యము తిను తమిళ జిల్లాలలో ఆ వ్యాధి అంతగా లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు ఆ విటమిను గింజలోనికి చొచ్చుకొనిపోయి, మరపట్టినను కొంత నిలుచుటయే దానికి హేతువు. తెల్లదనమును గౌరవమని భ్రమించిన వారికి జబ్బు వచ్చినది. మోటుదని తలచిన ఉప్పుడు బియ్యము పొరుగువారిని కాపాడినది. ఆ కూనూరు పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది.

వంటనూనెల కథయు ఇట్టిదే. నువ్వులనూనె, నేయి మన పూర్వపు వంటలోనివి. దక్షిణ అమెరికానుండి వచ్చిన వేరుశనగ 19వ శతాబ్దమునుండి మద్రాసు రాజధానిలో విస్తరించి నూనెను సులభము చేసినది. 1937లో డాల్డా వనస్పతి అంగడిలోనికి వచ్చి, నేతికి బదులుగా అనేక విందుల వంటశాలలలో ప్రవేశించినది. అట్టి గడ్డకట్టు నూనెలలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరములని పిమ్మట తేలగా, వానిని నూటికి రెండు పాళ్ళకు మించనీయరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ విధించిన నియమము 2022 జనవరి 1నుండి అమలునకు వచ్చినది. తెల్లచక్కెరయు, మైదాయు ఈ వరుసలోనివే.

నడుమ దేశము మరల తిండికి ఇబ్బందిపడిన కాలమొకటి కలదు. 1965లో ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి వారమునకు ఒక పూట, సోమవారము రాత్రి భోజనము, మానుడని ప్రజలను కోరెను. అనేక గృహములు ఆ మాట పాటించినవి. ఒక నియమమును ఇంటిల్లిపాది కలిసి పాటించినచో అది భారముగా తోచదనుటకు అది నిదర్శనము.

హరిత విప్లవము పిమ్మట గింజల కొరత తగ్గినది. నేడు వరియన్నము ప్రతిపూట కలదు. మిఠాయి ప్రతివీధిలో కలదు. అరిసె ఆషాఢమునను దొరకును. శరీరశ్రమ మాత్రము తగ్గినది. పూర్వము పండుగ ఒక శిఖరము. చుట్టును ఉన్నది మైదానము. ఇప్పుడు మైదానమే శిఖరమంత ఎత్తునకు పెరిగినది. దానిపై మరల శిఖరమును నిలుపబోవుటయే మన నేటి పండుగ.

నేటి లెక్కలు, మన కర్తవ్యము

2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారము దేశమున 10 కోట్ల 10 లక్షలమంది మధుమేహ రోగులు కలరు. ఆ అంచుకు చేరినవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది. దేశమున పెద్దలలో సగటు నూటికి 11.4 కాగా, యానాము చేరియున్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున అది 26.3. నలుగురిలో ఒకరికి మించినది. ఈ అంకె ఆ ప్రాంతమంతటిదే గాని తెలుగువారిది మాత్రమే కాదు. అయినను దానిలో మనమును కలము. ఏ సంఘ సమావేశమున చూచినను, సహపంక్తిలో కూర్చున్నవారిలో పలువురు మాత్రలు జేబులో పెట్టుకొని వచ్చినవారే.

కావున చరిత్ర ఇచ్చు పాఠములను ఆచరణలో పెట్టవలెను. మొదటిది, ఒక పండుగకు ఒక పిండివంట. సంక్రాంతికి అరిసె చేసినచో ఆ దినమున లడ్డు, జాంగ్రీ, పాయసము చేరనక్కరలేదు. ఏదో ఒకటి, దానిని మాత్రము శ్రద్ధగా చేసి, ఇంటిల్లిపాది పంచుకొనినచో రుచియు, గౌరవమును హెచ్చును. రెండవది, పిండివంటను భోజనముపై అదనముగా కాక, అన్నమును తగ్గించి దానిలో భాగముగా తినుట. చరకుడు చెప్పినది ఇదే. మూడవది, విస్తరిలో కూరలకు, పప్పునకు, పచ్చి ముక్కలకు ఎక్కువ చోటు. మరాఠీ పొరుగువారు భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టెయు, ఆ కాలపు కాయగూరలన్నియు కలిపిన కూరయు తిందురు. కన్నడ పొరుగువారు సంక్రాంతికి నువ్వులు, బెల్లము, కొబ్బరి, వేరుశనగపప్పు కలిపి గుప్పెడు మాత్రమే ఇచ్చి మంచి మాట చెప్పుకొందురు. వారితో శతాబ్దములు కలిసి బ్రతికిన మనకు ఇవి పరాయివి కావు.

నాలుగవది, బెల్లమును గూర్చిన భ్రమ విడువవలెను. చక్కెరకంటె బెల్లమున కొద్దిపాటి ఖనిజములున్నను దానిలో అధికభాగము చక్కెరయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఉత్తమమైన మేర దినమునకు సుమారు 25 గ్రాముల చక్కెర. అనగా ఆరు చిన్న చెమ్చాలు. బెల్లపు పాకము, పానకము కూడ ఈ లెక్కలోనివే. ఉప్పు దినమునకు 5 గ్రాములలోపు ఉండవలెనని అదే సంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, వడియము, అప్పడము మూడును ఒకే విస్తరిలో చేరిన దినమున ఈ మేర నిలువదు. ఐదవది, మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడుగక ఏకాదశి, శివరాత్రి ఉపవాసములు చేయరాదు. రక్తమున చక్కెర హఠాత్తుగా పడిపోవుట ప్రాణాపాయము. ఏ వ్రతమునకును ప్రాణము తీయు ఉద్దేశము లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కొసరి వడ్డించు అలవాటు. ఇది మన మంచితనమునకు గుర్తు. కరవులు చూచిన తరములవారు నేర్పిన ప్రేమ. నాడు ఎదుటివాని ఆకలి నిజమైనది గనుక ఇంకొకటి వేసుకొమ్మనుట దయ. నేడు ఎదుటివాని జబ్బు నిజమైనది గనుక అతడు చాలనినప్పుడు ఆగుటయే దయ. చేయి అడ్డము పెట్టినవానిని బలవంతపెట్టక, అడిగినవానికి సంతోషముతో పెట్టుట మన సంఘ విందులలో నియమము కావలెను. వడ్డించు యువకులకు ముందుగానే ఈ మాట చెప్పిన చాలును. వంటశాలలో ఆవిరి వంటకమొకటి, చిరుధాన్యపు వంటకమొకటి తప్పక ఉండునట్లు చూచుట కార్యవర్గములకు కష్టము కాదు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. మన తాతల దినవెచ్చము ప్రపంచమునకు ఆదర్శమైనప్పుడు మన పంక్తిలో దానికి చోటు లేకపోవుట తగునా?

పిల్లలకు మనము అరిసె పేరు నేర్పితిమి. దానితో పాటు అది ఏ మాసమునాటిదో, ఎందుకు ఆ మాసమునాటిదో, ఎన్ని తిన చాలునో కూడ నేర్పవలెను. కుడుము ఆవిరిపై ఎందుకు ఉడుకునో, వడపప్పు పొయ్యి ఎక్కక ఎందుకు సిద్ధమగునో, తొలి ఏకాదశికి పేలాలపిండియే ఎందుకో ఇంటి పెద్దలు చెప్పినచో, ఆ మాటలు తెలుగులోనే చెప్పబడును. ఆ తిథులు, ఆ మాసములు, ఆ ఋతువుల పేర్లు తెలుగులోనే వినబడును. వంటతో పాటు దాని మేరను అందించుట వలన ఆరోగ్యమును, భాషయు రెండును నిలుచును. మేర లేని వంటను మాత్రమే అందించినచో, దానితో పాటు మనుమలకు మన జబ్బులను కూడ అందించినవారమగుదుము.